క్యాసెట్‌లో ముక్కలుగా విన్న పాత రాక్, సోల్, డిస్కో: ఇప్పుడు వేటిని రికార్డు మొత్తం వినాలి?

డాబాగార్డెన్స్ మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే. కాస్త వెనకటి కథ చెబితే గానీ నేను ఏం అడుగుతున్నానో మీకు అందదు.

మాది వైజాగ్. 80లలో మా ఊళ్లో ఇంగ్లీషు పాటలు వినాలంటే ఓడల్లో పనిచేసే చుట్టమైనా ఉండాలి, రికార్డింగ్ షాపువాడైనా తెలిసుండాలి. ఖాళీ క్యాసెట్ కొనిచ్చి, పాటల లిస్టు కాగితం మీద రాసిస్తే వారం తర్వాత ఎక్కించి ఇచ్చేవాడు. మనం రాసినవన్నీ వాడి దగ్గర ఉండవు కదా, లేనివాటి బదులు తనకు తోచినవి వేసేవాడు. నాకు అబ్బిన సంగీతజ్ఞానంలో సగం వాడి దయే. బీ జీస్ అడిగితే మధ్యలో డొనా సమ్మర్‌ని దూర్చాడు. ఆవిడ ఎవరో తెలీదు, అట్ట లేదు, ఫొటో లేదు. లోపలి కాగితం మీద 'డోన సుమర్' అని రాసి ఉండేది. ఓ రెండేళ్లు ఆవిడ ఇటలీ మనిషి అనుకున్నాం.

60 నిమిషాల క్యాసెట్ అంటే సైడుకి 30. 'హోటల్ కాలిఫోర్నియా' మా క్యాసెట్‌లో సైడు చివర పడింది. ఆ పాట 6 నిమిషాల పైమాటే. చివర్లో రెండు గిటార్లూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటూ పైకి వెళ్తాయే, సరిగ్గా అక్కడ టేపు అయిపోయి బటన్ టక్కున పైకి లేచేది. పాట అంతే కాబోలు అనుకునేవాళ్లం. మిగతా భాగం ఇంజినీరింగ్ హాస్టల్లో ఒరిజినల్ క్యాసెట్ ఉన్నవాడి గదిలో విన్నాను.

ఇప్పుడు రిటైరయ్యాను. మా అబ్బాయి హాల్లో మంచి స్పీకర్లు పెట్టించాడు, ఫోన్లో ఏ పాట అడిగినా వస్తోంది. మర్చంట్ నేవీలో చేసిన మా బావగారి ఎల్పీలు కూడా కొన్ని నా దగ్గరికి చేరాయి. అట్టలకు చెదలు పట్టాయి గానీ ప్లేట్లు బాగానే ఉన్నాయి. సరే, పాత ఇష్టాలన్నీ మళ్లీ మొదలుపెడదామని కూర్చుంటే ఒక చిక్కొచ్చింది. బీ జీస్ 'స్టేయిన్ అలైవ్' అయిపోగానే నా చెవి ఆ షాపువాడు ఎక్కించిన తర్వాతి పాట కోసం చూస్తోంది. అసలు రికార్డులో ఆ తర్వాత ఏముందో వినబడితే ఎవరో అడ్డొచ్చినట్టు ఉంటోంది!

మార్విన్ గే దగ్గర మాత్రం కథ ఇంకోలా జరిగింది. 1971లో వచ్చిన 'వాట్స్ గోయింగ్ ఆన్' రికార్డులో నాకు తెలిసినవి రెండే పాటలు. టైటిల్ పాట ఒకటి, 'మెర్సీ మెర్సీ మీ' ఒకటి. బావగారి ప్లేట్లలో అది దొరికితే వేశాను. మొదటి సైడులో ఆరు పాటలున్నాయి, ఒక్కటీ ఆగదు. ఒక పాట తోక పట్టుకుని ఇంకోటి మొదలవుతుంది. సైడు మారుద్దామని లేచేదాకా ఎన్ని పాటలు అయ్యాయో కూడా తెలీలేదు. మా క్యాసెట్‌లో 'మెర్సీ మెర్సీ మీ' ఒంటరిగా ఉండేది. ఇక్కడ దాని ముందు 'గాడ్ ఈజ్ లవ్' అని చిన్న పాట ఉంది, అది వచ్చి దీన్ని చేతికి అందించి పోతుంది. ముప్పై ఏళ్లుగా తెలుసనుకున్న పాటకి ముందు గుమ్మం ఉందని ఇప్పుడు తెలిసింది.

ఆ ఊపులో ఒక డిస్కో ఎల్పీ కూడా మొదటి నుంచి చివరిదాకా వేశాను. నీరసం వచ్చింది. హిట్టు పాట ఒకటి, మిగతాది అట్ట బరువు.

అందుకని అడుగుతున్నాను: వేటిని మొత్తం రికార్డుగా వినాలి, వేటిని ఒక్క పాటగానే వినాలి? రాక్, సోల్ (చర్చి పాటల్లోంచి వచ్చిన నల్లజాతి అమెరికన్ల సంగీతం), డిస్కో ఏదైనా పరవాలేదు. బోనీ ఎమ్ మాత్రం చెప్పకండి, అవి మా ఆవిడకి కూడా కంఠతా వచ్చు.

---

సికింద్రాబాద్ సూది

మాస్టారూ, మీకు నీరసం రావడంలో తప్పేం లేదు. డిస్కోని ఎల్పీలో వెతకడం వల్ల వచ్చింది. డిస్కో అసలు ఇల్లు 12 అంగుళాల సింగిల్. ఎల్పీ సైజు ప్లేటు మీద సైడుకి ఒకే పాట. గాడులు వెడల్పుగా కొయ్యొచ్చు, కాబట్టి బేస్ గట్టిగా పడుతుంది, శబ్దం కూడా ఎక్కువ.

ఇది పుట్టింది కూడా అనుకోకుండానే. న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ అనే ఆయన క్లబ్బుల కోసం పాటల్ని సాగదీసి మిక్స్ చేసేవాడు. ఓసారి 7 అంగుళాల ఖాళీ ప్లేట్లు అయిపోయి పెద్ద ప్లేటు మీద కొయ్యాల్సి వచ్చింది. గాడులు దూరదూరంగా పరిచి కోస్తే శబ్దం అదిరిపోయింది. అక్కడి నుంచి 12 అంగుళాలకు వెళ్లారు. జనానికి అమ్మకానికి పెట్టిన మొదటి 12 అంగుళాల సింగిల్ 1976లో సాల్‌సోల్ కంపెనీది, డబుల్ ఎక్స్‌పోజర్ పాడిన 'టెన్ పర్సెంట్'. అందులో పాటని వాల్టర్ గిబ్బన్స్ 9 నిమిషాలు దాటించాడు.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. షీక్ వాళ్ల 'గుడ్ టైమ్స్', 1979. రేడియో కోసం కోసిన సింగిల్ 4 నిమిషాలు కూడా ఉండదు. అసలుది 8 నిమిషాలు. మధ్యలో గొంతులు పోతాయి, నైల్ రాడ్జర్స్ గిటార్ కూడా తప్పుకుంటుంది. బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేసూ టోనీ థాంప్సన్ డ్రమ్సూ మాత్రమే మిగులుతాయి. తర్వాత ఒక్కొక్కటీ తిరిగొచ్చి చేరతాయి. పొట్టి వెర్షన్ మాత్రమే విన్నవాళ్లకి ఈ పాట పెళ్లి పందిట్లో గోలలా ఉంటుంది. ఆ మధ్యభాగం విన్నవాళ్లకే తెలుస్తుంది, అదే సంవత్సరం 'రాపర్స్ డిలైట్' అనే ర్యాప్ పాట చేసినవాళ్లు ఆ బేస్ మీదే ఎందుకు కూర్చున్నారో.

రాక్ సంగతి వేరు. లెడ్ జెపెలిన్ వాళ్లు 'స్టెయిర్‌వే టు హెవెన్'ని సింగిల్‌గా వదలనేలేదు, కావాలంటే ఎల్పీ కొనుక్కోండన్నారు. అలాంటివాళ్లని ముక్కలుగా వినకండి.

---

డాబాగార్డెన్స్ మాస్టారు

'గుడ్ టైమ్స్' 8 నిమిషాలది ఇప్పుడే విన్నాను, రెండుసార్లు. మా క్యాసెట్‌లో ఉన్నది కచ్చితంగా పొట్టిదే. ఆ బేస్ ఒంటరిగా మిగిలిన చోట మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి "కరెంటు పోయిందా?" అంది. మిగతా వాయిద్యాలన్నీ ఆగిపోయేసరికి స్పీకర్ చెడిందనుకుంది.

ఇంకో చిన్న సందేహం. ఫోన్లో వస్తున్న పాటలు కొన్ని నాకు నెమ్మదిగా, గొంతు కాస్త బొంగురుగా వినిపిస్తున్నాయి. వయసా?

---

బేస్ బాబు, గుంటూరు

అంకుల్, వయసు కాదు. రికార్డింగ్ షాపుల్లో డెక్‌లు పగలూ రాత్రీ తిరిగి మోటారు స్పీడు అటూ ఇటూ అయ్యేది. నిదానంగా తిరిగే డెక్ మీద ఎక్కించింది మీ ఇంటి సరైన డెక్ మీద వేస్తే పాట వేగంగా, శ్రుతి ఎక్కువగా వినిపిస్తుంది. మీరు దానికి అలవాటుపడ్డారు. మా నాన్న క్యాసెట్లతో గిటార్ ప్రాక్టీస్ చేసి ఈ గోలంతా నేను పడ్డాను, ఏ పాటకీ ట్యూనింగ్ కలిసేది కాదు.

నేను చర్చిలో బేస్ వాయిస్తాను, ఆదివారం మూడు ఆరాధనలు. అందుకని మీ లిస్టులోకి రెండు కలుపుతాను.

ఒకటి, మీరు విన్న మార్విన్ గే రికార్డులోనే ఉన్నాడు, జేమ్స్ జేమర్సన్. ఈసారి పాట వదిలేసి బేస్ ఒక్కటే వినండి. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదట. కొత్త తీగ మెరుపు ఆయన శబ్దంలో ఉండదు, మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. నేను టైటిల్ పాట నేర్చుకోవడానికి కూర్చున్నప్పుడు మొదటి చరణం ఎలాగో పట్టాను. రెండో చరణంలో అదే వస్తుందనుకుంటే రాదు. ఏ వరసా రెండోసారి అచ్చం అలాగే వాయించడు, కానీ ఎక్కడా పాటకి అడ్డం రాడు. మా పాస్టర్ గారు నన్ను తరచూ "బాబూ, పాట మాది, నీది కాదు" అంటారు. జేమర్సన్‌తో ఆ మాట అనే అవసరం ఎవరికీ రాలేదు.

రెండోది అరీతా ఫ్రాంక్లిన్ 'అమేజింగ్ గ్రేస్', 1972. లాస్ ఏంజిల్స్‌లో ఒక బాప్టిస్టు చర్చిలో జనం మధ్య రికార్డు చేసిన డబుల్ ఎల్పీ. దాన్ని ముక్కలు చేసి వింటే సగం పోతుంది. ఎందుకంటే పాటకీ పాటకీ మధ్య ఆ గుంపు కేకలూ, కోయిర్ లేవడమూ, అదంతా కలిపే ఆరాధన. కోస్తాలో చర్చిలో పెరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పాడేవాళ్లు ఒక్క మాట సాగదీస్తే సంఘం దాన్ని పట్టుకుంటుంది, ఇక కీబోర్డు వాళ్ల వెంట పడాల్సిందే.

ఆల్ గ్రీన్ గురించి కూడా రాయాలని ఉంది, మళ్లీ వస్తాను, ప్రాక్టీసుకి టైమైంది.

---

డెట్రాయిట్ కోడలు

అన్నయ్య గారూ, మీ మొదటి సైడు మాట చదివి ఆగలేక రాస్తున్నా. మేం డెట్రాయిట్ పక్కనే ఉంటాం. ఇండియా నుంచి చుట్టాలొస్తే అందరినీ నయాగరా తీసుకెళ్తారు కదా, నేను దానికంటే ముందు మోటౌన్ మ్యూజియంకి తీసుకెళ్తా. మార్విన్ గే పాటలు విడుదల చేసిన రికార్డు కంపెనీ అదే. మా అత్తగారు మొదట "ఈ ఇల్లు చూడ్డానికి టికెట్టా?" అన్నారు. నిజంగానే అది మామూలు ఇల్లు, వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్ మీద. కంపెనీ పెట్టిన బెరీ గోర్డీ 1959లో కొన్నాడు. వెనకాల ఫొటో స్టూడియోగా ఉన్న గదిని రికార్డింగ్ గదిగా మార్చాడు. వాయిద్యకారులు దాన్ని స్నేక్‌పిట్ (పాముల గుంట) అనేవాళ్లు, అక్కడి వైర్ల వల్ల. ఎంత చిన్న గది అంటే, ఇంతమంది ఇందులో ఎలా పట్టారా అనిపిస్తుంది.

పైకప్పులో ఒక కన్నం ఉంది. అటక మీదికి శబ్దం పంపించి, అక్కడి ప్రతిధ్వనిని రికార్డులో కలుపుకునేవాళ్లు. గైడు మనల్ని దాని కింద నిలబెట్టి చప్పట్లు కొట్టమంటాడు. మా అత్తగారు చప్పట్లు కొట్టలేదు, 'శ్రీరామ' అన్నారు. అటక మీంచి 'రామ' తిరిగొచ్చింది. ఇప్పటికీ ఊళ్లో ఇదే చెబుతారు, నయాగరా మాట ఎత్తరు.

'వాట్స్ గోయింగ్ ఆన్' పాటని విడుదల చేయడానికి గోర్డీకి మొదట మనసొప్పలేదు. యుద్ధం, పోలీసులు, ఇవన్నీ మార్విన్ గేకి ఎందుకు అనుకున్నాడు. పాట పుట్టడానికి కారణం ఫోర్ టాప్స్ అనే మోటౌన్ బృందంలో పాడే ఓబీ బెన్సన్. 1969లో బర్క్‌లీలో పోలీసులు కుర్రాళ్లని కొట్టడం చూసి మొదలుపెట్టాడు. మార్విన్ సొంత తమ్ముడు వియత్నాం నుంచి తిరిగొచ్చాడు. పాట మొదట్లో జనం పలకరించుకుంటున్న గోల వినిపిస్తుంది చూడండి, ఆ గొంతుల్లో ఇద్దరు డెట్రాయిట్ లయన్స్ ఫుట్‌బాల్ ఆటగాళ్లవి, మెల్ ఫార్, లెమ్ బార్నీ. మా ఆఫీసులో ఫుట్‌బాల్ తప్ప ఏమీ పట్టనివాళ్లకి కూడా ఈ ముక్క తెలుసు. అదే ఆఫీసులో బోనీ ఎమ్ అంటే ఒక్కరికీ తెలీదు! మన ఇళ్లల్లో అమెరికన్ పాటలనుకుని విన్నవి జర్మనీవి మరి.

ఇంకోటి. మీ దగ్గర ఎల్పీ అట్ట మిగిలి ఉంటే లోపల పేర్లు చదవండి. బేస్ బాబు చెప్పిన జేమర్సన్ బృందం ఫంక్ బ్రదర్స్ అన్నేళ్లు అన్ని హిట్లు వాయిస్తే, మోటౌన్ అట్ట మీద వాళ్ల పేర్లు పడింది ఈ రికార్డుతోనే. ఆ మరుసటి సంవత్సరం, 1972లో, కంపెనీ లాస్ ఏంజిల్స్ వెళ్లిపోయింది. పేరు పడ్డాక ఊరే మారిపోయింది, చూడండి.

మీ ప్రశ్నకి నా జవాబు: సోల్ అంటే 1971 దాకా సింగిల్స్ వినండి, ఆ తర్వాత రికార్డులు.

---

సికింద్రాబాద్ సూది

మేడమ్ చెప్పింది దాదాపు ఒప్పుకుంటాను గానీ 1971 గీత దగ్గర నాకు అభ్యంతరం ఉంది. మెంఫిస్ గాయకుడు ఐజాక్ హేస్ 'హాట్ బటర్డ్ సోల్' 1969లోనే వచ్చింది. ఎల్పీ మొత్తం నాలుగే పాటలు. అందులో 'బై ద టైమ్ ఐ గెట్ టు ఫీనిక్స్' 18 నిమిషాలు దాటుతుంది, మొదటి సగం మాటలే. హరికథ చెప్పేవాళ్లు పద్యం ఎత్తుకునేముందు కథ అల్లుతారే, అలా అల్లి అల్లి పాటలోకి దిగుతాడు. సోల్‌లో సింగిల్ గోడ కూల్చింది మెంఫిస్‌వాళ్లు, డెట్రాయిట్‌వాళ్లు కాదు.

ఇక మాస్టారికి. సోల్ ఎక్కడ ఆగి డిస్కో ఎక్కడ మొదలైందని షాపుల్లో వేరే వేరే అరల్లో పెడతారు. వాయించినవాళ్లని చూస్తే ఆ అరలు నిలబడవు. ఫిలడెల్ఫియాలో సిగ్మా సౌండ్ స్టూడియో, డ్రమ్స్ దగ్గర ఎర్ల్ యంగ్. 1973లో హెరల్డ్ మెల్విన్ అండ్ ద బ్లూ నోట్స్ 'ద లవ్ ఐ లాస్ట్' మొదట నిదానమైన పాటగా అనుకున్నారు, తర్వాత వేగం పెంచారు. యంగ్ పెద్ద డ్రమ్‌ని నాలుగు దెబ్బలకీ నాలుగుసార్లు తన్ని, మధ్య ఖాళీల్లో హై-హ్యాట్‌ని (కాలితో మూసి తెరిచే జంట తాళాల్ని) తెరిచి 'స్స్' అనిపించాడు. ఆ తర్వాత వచ్చిన డిస్కో అంతా ఆ రెండు పనులే. పైన పాడుతున్నది మాత్రం టెడ్డీ పెండర్‌గ్రాస్, పచ్చి చర్చి గొంతు. కాళ్లు డిస్కోలో, గొంతు సోల్‌లో ఉన్న పాట అది. అదే ఎర్ల్ యంగ్ తర్వాత ట్రాంప్స్ అనే బృందంలో 'డిస్కో ఇన్ఫర్నో' వాయించాడు. పైన నేను చెప్పిన 'టెన్ పర్సెంట్' వెనకా ఇదే బృందం.

అందుకే 1979 జులై 12న షికాగోలో డిస్కో అంటే గిట్టనివాళ్లు బేస్‌బాల్ మైదానంలో, రెండు ఆటల మధ్య, డిస్కో రికార్డులు పేల్చినప్పుడు గుట్టలో సోల్ రికార్డులు కూడా పడ్డాయని అక్కడ పనిచేసిన వాళ్లు చెప్పారంటే నాకు ఆశ్చర్యం వేయదు. పేల్చేవాడికి తేడా ఏం తెలుసు. మైదానం పాడై రెండో ఆట రద్దయి, అక్కడి జట్టు వైట్ సాక్స్ ఓడినట్టు ప్రకటించారు, అదొక్కటే బాగుంది.

మాస్టారు మొదట్లో చెప్పిన 'స్టేయిన్ అలైవ్' డ్రమ్స్ గురించి ఒక్కమాట. అక్కడ డ్రమ్మర్ లేడు. ఆయన ఇంట్లో విషమ పరిస్థితి వచ్చి వెళ్లాల్సి వస్తే, 'నైట్ ఫీవర్' పాటలోంచి కాస్త ముక్క టేపు కోసి, అతికించి, చుట్టలా తిప్పుతూ వాడుకున్నారు. అట్ట మీద డ్రమ్మర్‌గా బెర్నార్డ్ లూప్ అని లేని మనిషి పేరు పెట్టారు. అందుకే ఆ పాటలో దరువు ఎక్కడా అలిసిపోదు.

---

బేస్ బాబు, గుంటూరు

వచ్చాను. ఆల్ గ్రీన్. 'లెట్స్ స్టే టుగెదర్' ఎల్పీ, 1972. మెంఫిస్‌లో రాయల్ స్టూడియో ఒకప్పటి సినిమాహాలు. కుర్చీలు తీసేశారు గానీ నేల వాలు అలాగే ఉంది. నిర్మాత విల్లీ మిచెల్ ఆయన్ని గట్టిగా పాడొద్దని, మెత్తగా పాడమని వెంటపడ్డాడు. అంకుల్, రాత్రిపూట శబ్దం తగ్గించి వినే రికార్డు ఇదే. 1976లో ఆయన అదే ఊళ్లో చర్చి పెట్టుకుని పాస్టరయ్యాడు. మా చర్చిలో ఈ మాట చెబితే అందరూ సంతోషించారు. ఆ ముందు ఏం పాడేవాడో నేను చెప్పలేదు.

రీమాస్టర్ (పాత రికార్డింగ్‌కి మళ్లీ మెరుగులు దిద్దినది) అని రాసినవి చూసి తీసుకోండి. కొన్నిట్లో నెమ్మదైన చోటూ గట్టి చోటూ ఒకే ఎత్తుకి లాగేశారు. ఆల్ గ్రీన్‌కి అది చేస్తే ఇక ఏం మిగలదు.

---

డాబాగార్డెన్స్ మాస్టారు

ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. నేను విన్నంతవరకు:

'ద లవ్ ఐ లాస్ట్' విన్నాను. ఆ 'స్స్' ఒకసారి చెవిన పడ్డాక ఇక వదల్లేదు. నిన్న సాయంత్రం బీచ్ రోడ్డు మీద ఎవరి కార్లోంచో ఈ మధ్య తెలుగు సినిమా పాట వస్తుంటే అందులో కూడా అదే పట్టుకున్నాను.

ఐజాక్ హేస్ 18 నిమిషాలు కూర్చున్నాను. హరికథ మాట నిజమే, అయితే మా ఊరి హరిదాసు గారు ఇంకా త్వరగా పద్యంలోకి వచ్చేవారు. ఇది నాకు ఒకసారి చాలు.

అరీతా ఇంకా మొదలుపెట్టలేదు.

ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 'రూమర్స్', 1977, బావగారి ప్లేట్లలో ఉంటే మొత్తం విన్నాను. మొదటి సైడు చివర 'సాంగ్‌బర్డ్', పియానో పక్కన ఒక్క గొంతు. అది అయ్యాక సూది ఎత్తాలి, ప్లేటు తిప్పాలి, దుమ్ము తుడవాలి. ఆ తర్వాత 'ద చైన్' డ్రమ్ దెబ్బ. అదే రికార్డు ఫోన్లో వేస్తే ఆవిడ నోరు మూసీ మూయకముందే ఆ దెబ్బ పడుతోంది, ఎవరో తలుపు బాదినట్టు. కాబట్టి నాకు తెలిసొచ్చింది ఏంటంటే, రాక్‌ని రికార్డు మొత్తంగా కాదు, సైడు మొత్తంగా వినాలి. మధ్యలో టీ పెట్టుకోవచ్చు.

డిస్కోకి ఇంకో చిక్కుంది. 12 అంగుళాలవి నా దగ్గర లేవు, ఫోన్లో ఒకే పాట పది రకాలుగా ఉంది. అసలుది ఏదో ఎలా పట్టుకోవాలి?

---

సికింద్రాబాద్ సూది

ముందు నిమిషాలు చూడండి. 4 లోపు ఉంటే రేడియో కోసం కోసింది, వదిలేయండి. 12 అంగుళాల వెర్షన్ అని రాసి ఉండాలి, పక్కన 70ల సంవత్సరమో 80ల మొదటి సంవత్సరమో ఉండాలి. కొత్త సంవత్సరం వేసి రీమిక్స్ అని ఉంటే అది ఎవరో మనవడు చేసిన పని.

మీ డోన సుమర్‌తోనే మొదలుపెట్టండి. 'ఐ ఫీల్ లవ్', 1977, ఎల్పీలో 6 నిమిషాల లోపు, 12 అంగుళాల మీద 8 దాటుతుంది. మ్యూనిక్‌లో జార్జియో మొరోడర్, పీట్ బెలోట్ కలిసి మూగ్ సింథసైజర్ మీద కట్టారు. పెద్ద డ్రమ్ ఒక్కటే మనిషి తన్నింది, కీత్ ఫోర్సీ. మిగతాదంతా యంత్రమే. మీ అబ్బాయి పెట్టించిన స్పీకర్లలో ఎడమదీ కుడిదీ వేరువేరుగా వినండి, ఆ బేస్ రెండిటి మధ్యా గెంతుతుంది. షాపువాడి మోనో డెక్‌లో అది మీకు దక్కి ఉండదు.

గ్లోరియా గేనర్ 'నెవర్ కెన్ సే గుడ్‌బై' ఎల్పీ, 1975, మొదటి సైడు మాత్రం మొత్తం వినండి. మూడు పాటల్ని ఆగకుండా కుట్టింది మౌల్టనే. డిస్కోలో సైడు మొత్తం వినదగ్గది అదొకటి. రెండో సైడు మీ ఇష్టం.